పెద్దసారుకి పరామర్శ

క్వార్టర్సు,
సోమవారం

పెద్దసారు గారికి,

గుమ్మం బయటే నిలబడి నమస్కారం చేసి రాస్తున్నాను.

నేను మీ షెడ్డులో హెలికాప్టర్లు బాగుచేసే మెకానిక్కు భార్యని. మీరు నన్ను చూసి ఉండరు. ఉదయం మీరు మా క్వార్టర్సు ముందునుంచి నడిచి వెళ్తున్నప్పుడు, ఆరేసిన దుప్పటి కింద రెండు కాళ్ళు కనిపిస్తాయి చూడండి, అవి నావే. పెద్దవాళ్ళు ఎదురుపడితే నాకు నోట మాట రాదు. కాగితం మీదైతే కాస్త నయం. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది, తప్పులుంటే మన్నించండి.

నిన్న మా ఆయన భోజనం చేస్తూ చేస్తూ చెయ్యి ఆపి, "పెద్దసారుని మిషన్ మీంచి దించేస్తున్నారు. వచ్చే నెలనుంచి ఇక హెలికాప్టరు నడపడం ఉండదు, కుర్చీయే," అన్నారు. మంచినీళ్ళు తాగి లేచిపోయారు. నేను కంచం ఎత్తేసి కాగితం వెతుక్కున్నాను.

సార్, మా నాన్న బస్సు డ్రైవరు. ఇరవై తొమ్మిదేళ్ళు నడిపారు. ఒకరోజు డిపో గేటు స్తంభానికి బస్సు పక్క రాసుకుంది. కాస్త సొట్టపడి రంగు పోయింది, అంతే. మర్నాడే ఆయన్ని స్టీరింగు మీంచి దించి కుర్చీలో కూర్చోబెట్టారు. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులు, సంచులు పుస్తకంలో రాసుకునే పని. నాన్న కుర్చీలో కూర్చున్నా, బల్ల కింద కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉండేది. ఎవరైనా గబుక్కున తలుపు తీస్తే చాలు, నేలకేసి నొక్కేవారు. రెండు నెలల్లో చెప్పు అరిగిపోయింది, కుడిదొక్కటే. కాబట్టి కుర్చీ అంటే ఏమిటో నాకు తెలుసు.

జరిగింది ఏదో జరిగిపోయింది. మిషన్ దేనికి తగిలిందో, ఎక్కడ సొట్టపడిందో నేను అడగను. మా ఆయన కూడా ఆ సంగతి విప్పి చెప్పలేదు. ఆ మిషన్ బాగుందని సంతకం పెట్టేది ఆయనే కదా, బయటికి చెప్పుకోలేకపోయారేమో. మీరు మాత్రం దిగులు పెట్టుకోకండి. అన్నం మానేయకండి. ఎంత పెద్ద డ్రైవరుకైనా ఒకసారి అవుతుంది.

ఇంతకన్నా ముందుకు రాలేక ఇక్కడినుంచే సెలవు తీసుకుంటున్న,
మెకానిక్కు భార్య

తా.క.: ఈ ఉత్తరం సంగతి మా ఆయనకి తెలియదు. పైన గేటు స్తంభాలు ఉండవు కదా, మరి మీరు దేనికి రాసుకున్నారా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. పక్షి అయితే మాత్రం తప్పు మీది కాదు.


హెలికాప్టర్ దళం, అధిపతి కార్యాలయం,
బుధవారం

విషయం: హెలికాప్టరుకు జరిగినట్టు చెప్పబడిన నష్టం

మెకానిక్కు గారి సతీమణికి,

మీ ఉత్తరం అందినది. గుమస్తా దానిని తెరిచి, స్టాంపు వేసి, రిజిస్టరులో ఎక్కించిన తరువాత నా బల్ల మీదికి వచ్చినది. స్టాంపు పడిన కాగితం ఇక ఉత్తరం కాదు, ఫిర్యాదు.

హెలికాప్టరుకు సొట్టపడినట్టు, ఆ సంగతి మెకానిక్కు దాచినట్టు అందులో అర్థం వచ్చుచున్నది. మా దగ్గర నోటిమాటను ఎవరూ పట్టించుకోరు. కాగితం మీది మాట మాత్రం మిషన్‌ను నేలకు దించును. కావున ఆ హెలికాప్టరును షెడ్డులో నిలిపివేసినాము. దర్యాప్తు ముగియువరకు మీ భర్త సంతకం చెల్లదు. 'ఎగురుటకు యోగ్యం' అని రాసే అధికారం లేనందున, అంతవరకు ఆయన పానాలు తుడిచే పని చూచును. తప్పు ఉన్నట్టు తేలినచో ఆ సంతకం శాశ్వతంగా రద్దగును. ఫిర్యాదు చేసినవారి పేరు రహస్యంగా ఉంచబడును.

ఈ మూడు ప్రశ్నలకు జవాబు పంపవలెను. సొట్ట ఎక్కడ పడినది? ఎవరు చూచిరి? ఎంత లోతు?

ఇట్లు,
కల్నల్, దళాధిపతి

తా.క.: ఇది గుమస్తాతో రాయించింది కాదు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు వచ్చిన మొదటి పరామర్శ ఉత్తరం ఇది. దేనికి పరామర్శిస్తున్నారో తెలిపితే, ఏ ఫైలులో పెట్టాలో నిర్ణయిస్తాను.


క్వార్టర్సు,
శనివారం

పెద్దసారు గారికి,

ఈసారి గుమ్మందాకా వచ్చే ధైర్యం కూడా లేక మెట్ల కిందనుంచే నమస్కారం.

మీ కవరు పోస్టుమాను తెస్తుంటే పక్కింటి స్టోరుకీపరు గారి భార్య వరండాలోంచి చూసింది. "ఎర్ర ముద్ర కవరే! ఎవరైనా పోయారా ఏంటి?" అని అడిగింది. ఇంకా లేదక్కా అన్నాను.

మీ ప్రశ్నలకి జవాబులు. సొట్ట ఎక్కడ పడిందో నాకు తెలియదు. ఎవరు చూశారంటే, నేను చూడలేదు. లోతు అడిగారు. మా నాన్న బస్సుదైతే బొటనవేలు సగం పట్టేది. మీది తెలియదు.

మా ఆయన్ని చుట్టుతిప్పి అడిగాను. "ఏమండీ, మిషన్‌కి ఎక్కడైనా గీత పడిందా?" అని. "గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాశాడట, ఇల్లు పీకి పందిరేస్తున్నారు," అన్నారు. ఆ ఆకాశరామన్న గిన్నెలు తోముతూ ఆయన వెనకే ఉంది సార్. మా నాన్న కూడా మొదటి మూడు రోజులూ గీత లేదనే అన్నారు.

సంతకం ఆగినప్పటినుంచి ఆయన నాలుగింటికల్లా ఇంటికి వచ్చేస్తున్నారు. మా పెళ్ళయి నాలుగు నెలలు. ఇంతకుముందు ఆయన్ని ఇంట్లో ఎండ ఉండగా చూసింది రెండు సార్లే. వచ్చి కుళాయి బాగుచేశారు. కిటికీకి గడియ బిగించారు. నిన్న నా చేతిలోంచి చీపురు లాక్కుని తానే ఊడ్చారు. పైగా కూనిరాగం! మనిషి ఎంత బాధని దిగమింగుతున్నాడో అని ఆయన కంచంలో ఇంకో చెంచా నెయ్యి వేశాను.

ఆ సంతకం కోసం ఆయన మూడేళ్ళు చదివారు సార్. పెళ్ళయిన వారానికి ఒక తెల్లకాగితం మీద పెట్టి చూపించారు. "చూశావా, ఇది పడితేనే అంత పెద్ద మిషన్ నేల వదుల్తుంది," అన్నారు. ఆ కాగితం నా పెట్టెలో ఉంది. నా చేతిరాత వల్ల ఆయన చేతిరాత పోతే, నేనాయన మొహం ఎలా చూడను?

నాకు తోచిన దారి ఒక్కటే. కుర్చీలోంచి మళ్ళీ బస్సు ఎక్కడానికి మా నాన్న డిపో మేనేజరుకి ఒక అర్జీ పెట్టుకున్నారు. పెట్టిన తొమ్మిదో రోజున స్టీరింగు ఇచ్చారు. దాని నకలు నా దగ్గరుంది. అందులో 'బస్సు' అన్న ప్రతిచోటా 'హెలికాప్టరు' అని మార్చి మీకోసం తిరగరాశాను. తప్పు మీరు ఒప్పుకుంటే మీ మిషన్ మీకొస్తుంది, మా ఆయన సంతకం మా ఆయనకొస్తుంది.

మెట్ల కిందే ఉన్న,
మెకానిక్కు భార్య

జత చేసిన అర్జీ:

అయ్యా, నా హెలికాప్టరు స్తంభానికి రాసుకున్న మాట నిజం. ఇకమీదట మలుపుల్లో హారను కొడతాను.

కుర్చీ ఇచ్చినందుకు కృతజ్ఞుణ్ణి. దానికి మెత్త ఉంది, పైన ఫ్యాను ఉంది. కానీ నేను ఎంతసేపు కూర్చున్నా అది ఎక్కడికీ పోదు. నా చేతులకి తెలిసింది ఒకటే పని. ఇప్పుడవి బల్ల మీద ఎవరివో మరిచిపోయిన వస్తువుల్లా పడి ఉంటున్నాయి.

మళ్ళీ హెలికాప్టరు ఇప్పిస్తే ప్రయాణికుల్ని ఫుట్‌బోర్డు మీద వేలాడనివ్వనని హామీ ఇస్తున్నాను.

తా.క.: ఫుట్‌బోర్డు దగ్గర నాకూ అనుమానం వచ్చింది. కానీ నాన్న దాని కిందే రెండు గీతలు గీశారు, అందుకని తీసేయలేదు.


అధిపతి కార్యాలయం,
మంగళవారం

మెకానిక్కు గారి సతీమణికి,

అర్జీ అందింది. మీరు పొరబడ్డారు. ఏ హెలికాప్టరూ దేనికీ తగల్లేదు. పక్షికి కూడా.

నన్ను దించలేదమ్మా, ఎక్కించారు. కల్నల్‌ని బ్రిగేడియర్ని చేశారు. ప్రధాన కార్యాలయంలో పెద్ద గది, రెండు టెలిఫోన్లు, మీ నాన్నగారు చెప్పినట్టే మెత్త ఉన్న కుర్చీ. మా ఉద్యోగంలో పై మెట్టు ఎక్కినవాడు ఇక మిషన్ ఎక్కడు. ఎగిరేవాళ్ళని ఎక్కడికి పంపాలో కూర్చుని నిర్ణయిస్తాడు. దీన్ని గౌరవం అంటారు. ఇప్పటికి ఇరవై ఆరు అభినందనలు వచ్చాయి.

అయితే దర్యాప్తు ఆగదు. మీ రెండో ఉత్తరం కూడా గుమస్తా చేతిలోనే పడింది. 'మా నాన్న కూడా మొదటి మూడు రోజులూ గీత లేదనే అన్నారు' అన్న వాక్యం కింద అతను ఎర్రగీత గీసి, దర్యాప్తుకి ఒక్కరు చాలరు, ముగ్గురు కావాలని రాశాడు. ముగ్గురు వచ్చారు. మిషన్‌ని విడదీసి షెడ్డు నేలంతా పరిచారు. సొట్ట లేదని చెప్పడం తేలిక. లేదని రుజువు చేయాలంటే ప్రతి రేకూ తడిమి చూడాలి.

దర్యాప్తు ముగిసేవరకు సంతకం ఇవ్వడం కుదరదు. విచారిస్తున్నాను.

ఇట్లు,
కల్నల్

తా.క.: అర్జీలో రెండో పేరా విడిగా రాసుకున్నాను. నిన్న సమావేశంలో బల్ల కింద చూసుకున్నాను. నావి రెండు కాళ్ళూ కదులుతున్నాయి. హెలికాప్టరుకి పెడళ్ళు రెండు.


క్వార్టర్సు,
గురువారం

పెద్దసారు గారికి,

తలెత్తకుండా నమస్కారం.

మీ ఉత్తరం చదివి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు దుప్పట్లో పెట్టుకున్నాను. పెద్ద ఉద్యోగం వచ్చిన మనిషిని పట్టుకుని అన్నం మానేయకండి అని రాశానే! స్టోరుకీపరు గారి భార్యని అడిగితే, తాను కుర్చీ లాక్కుని కూర్చుని మెట్లన్నీ వరసగా చెప్పింది. కెప్టెను, మేజరు, కల్నలు, బ్రిగేడియరు. "పిచ్చిదానా, ఆయన ఇంకా ఇంకా పైకి పోతున్నారు," అంది. "పైకి పోయేకొద్దీ కిందే ఉంటారా అక్కా?" అన్నాను. పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళిపోయింది.

నా రెండు ఉత్తరాలూ తిరిగి ఇచ్చేయండి సార్. ముద్ర చెరిపేసి ఇవ్వలేరా? తప్పు నాది. రాసింది నేను. పానాలు తుడవాల్సింది కూడా నేనే. వచ్చి తుడుస్తాను, నాకు తుడవడం బాగా వచ్చు.

మొన్న ఇక ఉండబట్టలేక మా ఆయనకి చెప్పేశాను. ఆకాశరామన్న నేనేనండీ అని. ఆయన తువ్వాలు తీసి మొహానికి కప్పుకుని గోడవైపు తిరిగారు. భుజాలు అదిరిపోతున్నాయి. అంత మగమనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. వీపు నిమిరితే ఇంకా ఎక్కువైంది.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. కుర్చీ గౌరవమే అయితే మా నాన్న రాసిన రెండో పేరా మీరెందుకు రాసుకున్నారు? మీకు నడపాలని లేదా?

ఇది అడగడానికి మూడు కాగితాలు పాడుచేసిన,
మెకానిక్కు భార్య

తా.క.: ఇరవై ఆరుగురు అభినందించారు సరే. అందులో మీతో మిషన్ ఎక్కినవాళ్ళు ఎంతమంది?


అధిపతి కార్యాలయం,
బుధవారం

అమ్మాయీ,

మీ ఆయన సర్వీసు పుస్తకంలో చూశాను, మా అమ్మాయి కన్నా నువ్వు రెండేళ్ళు చిన్న. ఇకనుంచి నువ్వు అంటాను. ఈ ఉత్తరం గుమస్తా చూడడు, నువ్వు రాసేవీ ఇక తెరవడు. దీన్ని నేనే పోస్టుడబ్బా దాకా నడిచి వెళ్ళి వేస్తాను.

నీ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు. అందుకే జవాబుకి ఐదు రోజులు పట్టింది.

ఇరవై రెండేళ్ళప్పుడు నేను కాలినడక సైనికుల్లో చిన్న అధికారిని. వీపున మూట వేసుకుని ఒక కొండ ఎక్కుతున్నాం. తెల్లవారుతూ బయల్దేరితే మధ్యాహ్నానికి సగం ఎక్కాం. అప్పుడొక హెలికాప్టరు మా తలల మీంచి పోయి శిఖరం మీద వాలి, నేను బూటు లేసు కట్టుకునేలోగా తిరిగి వెళ్ళిపోయింది. కొండ దిగగానే దరఖాస్తు పెట్టాను. కారణం అన్నచోట 'దేశసేవ' అని రాశాను. అసలు కారణం కాళ్ళనొప్పి.

కెప్టెన్‌గా ఉన్నప్పుడు నెలకి ముప్పై గంటలు ఎగిరాను. మీ వంటింటికన్నా కాస్త పెద్ద చోటుంటే చాలు, మంచులో దించేవాణ్ణి. మేజరుగా ఇరవై గంటలు. ఒకసారి వరదల్లో బడి కప్పు మీంచి పదకొండు మందిని, ఒక మేకని ఎక్కించుకున్నాను. మేకని ఎక్కించడానికి నిబంధన లేదు. 'పెద్దలు పదకొండు, చిన్నవారు ఒకరు' అని రాశాను. "చిన్నవారి పేరేమిటయ్యా?" అని మా పై అధికారి అడిగారు. "చెప్పలేదు సార్, దారంతా అరుస్తూనే ఉంది," అన్నాను. ఆ తర్వాత కొత్తవాళ్ళకి నేర్పాను. నెలకి పన్నెండు గంటలకి వచ్చింది. కల్నల్‌గా ఆరు. బ్రిగేడియరుకి సున్నా. భుజానికి ఒక నక్షత్రం తగిలించినప్పుడల్లా కాళ్ళ కింద ఆకాశం కొంత వెనక్కి తీసేసుకున్నారు. ప్రతిసారీ అభినందించారు కూడా.

అభినందించిన ఇరవై ఆరుగురిలో నాతో ఎక్కినవాళ్ళు నలుగురు. ఆ నలుగురూ ఒక్కొక్క వాక్యమే రాశారు.

ఇక నీ భర్త సంగతి. ముగ్గురు సభ్యులు వారం పైగా వెతికి, సీటు కింద ఒక దువ్వెన కనుక్కున్నారు. సొట్ట లేదు. కానీ విడదీసి బిగించిన మిషన్‌ని గాల్లో నడిపి చూస్తే తప్ప దర్యాప్తు మూయకూడదు. దళంలో అందరికన్నా ఎక్కువ గంటలు ఎగిరినవాడు నడపాలి. బిగించిన మెకానిక్కు పక్కన కూర్చోవాలి. బాగుందని చెప్పినవాడు తానే ఎక్కనంటే ఆ మాట చెల్లదు, అదీ మా పద్ధతి. మిషన్ సవ్యంగా దిగితే ఆ క్షణంనుంచి సంతకం అతనిది.

ఎక్కువ గంటలు ఎగిరినవాణ్ణి నేనే. వచ్చే శుక్రవారం కుర్చీ కాగితం అమల్లోకి వస్తుంది. పరీక్ష గురువారం పెట్టాను.

కల్నల్, ఇంకా ఎనిమిది రోజులు

తా.క.: దువ్వెన ఎవరిదో తేలలేదు. నాది కాదు. పదేళ్ళుగా నాకు దాని అవసరం లేదు.


క్వార్టర్సు,
సోమవారం

పెద్దసారు గారికి,

గబగబా నమస్కారం. టపా వేళ దాటితే గురువారంలోగా మీకు అందదు.

ఒక సంగతి ఎవరికీ తెలియదు, మీకే చెబుతున్నాను. మా ఆయనకి ఎత్తంటే భయం. మిషన్ బాగుచేయడానికి నిచ్చెన ఎక్కితేనే మూడో మెట్టు దగ్గర ఆగి, "ఏదీ ఆ పానా ఇలా అందుకో," అంటారట. ఇంతకుముందు పరీక్షకి ఎక్కినప్పుడల్లా కళ్ళు మూసుకునే ఉన్నారట. అది చూసి పక్కన నడిపేవాళ్ళు, ఎంత నమ్మకమో, నిద్రపోతున్నాడు అనుకునేవారట. ఆ పేరు చెడగొట్టకండి.

మిషన్ బాగుంటుంది. ఆయన బిగించింది ఊడదు. మా కుళాయి ఆయన బిగించినప్పటినుంచి తిప్పడానికి నాకు రెండు చేతులూ కావాల్సి వస్తోంది. నా భయం మిషన్ గురించి కాదు. దిగాక ఆ ముగ్గురు ఇంకేదైనా కాగితం తీస్తారేమో అని. ఆయన చెయ్యి కాగితం మీద పడి ఇరవై రోజులైంది. సంతకం ఎలా పెట్టాలో మరిచిపోకుండా పాల డబ్బా మీద, క్యాలెండరు మీద పెట్టి చూసుకుంటున్నారు.

గురువారం మీ ఇద్దరి కోసం డాబా మీద ఉంటాను.

మెకానిక్కు భార్య

తా.క.: తొందరగా దించేయకండి. మీ సంగతి చెబుతున్నాను.


అధిపతి కార్యాలయం,
శుక్రవారం ఉదయం, గది ఖాళీ చేస్తూ

అమ్మాయీ,

మిషన్ సవ్యంగా లేచింది, సవ్యంగా దిగింది. మీ ఆయన సంతకం పెట్టాడు. అక్షరం చెదరలేదు. ముగ్గురు సభ్యులూ ఏ కాగితమూ తీయలేదు. దర్యాప్తు మూసేశాను. అతని సర్వీసు పుస్తకంలో మచ్చ లేదు. 'విడదీసి బిగించిన పని మెచ్చదగ్గది' అని ఒక వాక్యం ఉంది.

పరీక్షకి ఇరవై నిమిషాలు చాలు. మేము గంటా పది నిమిషాలు పరీక్షించాం. నది మీద నన్ను ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న అడిగేటప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాడు. మీ క్వార్టర్సు మీంచి వెళ్ళినప్పుడు డాబా మీద ఎవరో గరిటె ఊపుతున్నారు. దళపు గౌరవవందనంగా స్వీకరించాను.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. నీ అర్జీ వచ్చిన రోజే ఈ దర్యాప్తు మూసేసి ఉండవచ్చు. 'ఫిర్యాదు పొరపాటున రాసినది' అని నేను ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. రాశాను. రాసి, కొట్టేశాను. మిషన్‌ని విడదీస్తే బిగించాలి, బిగిస్తే ఎగిరి చూడాలి, చూడాల్సింది నేను. ముప్పై ఏళ్ళలో నిబంధనని నాకోసం వాడుకోవడం ఇదే మొదలు. మేకని లెక్కలోకి తీసుకోకపోతే.

నీ భర్తకి అన్యాయం చేయలేదు. కొట్టేసిన మర్నాడే పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నీకు ఏ మచ్చా రాదు. రెండు మూడు వారాలు సంతకం ఆపుతాను. నీకిష్టం లేకపోతే ఇప్పుడే మూసేస్తాను," అన్నాను. అతను గోడ గడియారం వైపు చూసి, "సార్, అంటే నాలుగింటికే ఇంటికి పోవచ్చా?" అన్నాడు. పోవచ్చన్నాను. "అయితే నిదానంగా వెతకమనండి సార్," అన్నాడు. నీతో చెప్పొద్దని కూడా అతనే అన్నాడు. "మా ఆవిడకి అబద్ధం ఆడటం రాదు సార్. తెలిస్తే తన మొహం మీదే రాసి ఉంటుంది, పక్కింటావిడ చదివేస్తుంది," అని. తువ్వాలు మొహానికి కప్పుకున్నది ఏడుపుకి కాదని ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

నువ్వు ఇరవై రోజులు నలిగిపోయావు. అందుకు నన్ను క్షమించాలి. అతన్ని నువ్వే చూసుకో.

కొత్త కుర్చీలో నా పని ఏమిటో నిన్న కాగితం వచ్చింది. అన్ని దళాల్లో జరిగే దర్యాప్తులకూ నేనే పెద్ద. అనుమానం ఉంటే స్వయంగా వెళ్ళి మిషన్ పరీక్షించే అధికారం ఉందట, పద్నాలుగో పేజీలో. గుమస్తా ఎప్పుడూ ఆ పేజీదాకా చదవలేదు.

ఇట్లు,
బ్రిగేడియర్, మధ్యాహ్నంనుంచి

తా.క.: నది మీద మీ ఆయన అడిగిన ప్రశ్న: "సార్, ఇంకో చుట్టు తిరుగుదామా?"


క్వార్టర్సు,
పై నెల, సోమవారం

బ్రిగేడియర్ గారికి,

ఎదురుగా నిలబడి నమస్కారం.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సంతకం వచ్చినందుకు ఒకసారి, మీమీద కోపంతో ఒకసారి, ఆయనమీద కోపంతో ఒకసారి. నాలుగోసారి ఎందుకో చెప్పను.

మా ఆయనతో రెండు రోజులు మాట్లాడటం మానేశాను. ఆయన గమనించలేదు. ఎలా గమనిస్తారు? సంతకం వచ్చిన మర్నాటినుంచి ఆ షెడ్డులో ఆరు మిషన్లు ఆయన చెయ్యి కోసమే వరసకట్టి ఉన్నాయట. పొద్దున నేను లేచేసరికి వెళ్ళిపోతారు. వచ్చేసరికి దీపాలు పెట్టి, గిన్నెలు కడిగి, పక్కలు వేసి కూర్చుని ఉంటాను. అన్నం తింటూనే తూగుతారు. నిన్న నిద్రలో నా అరచేతిలో సంతకం పెట్టారు. నేను ఎగరడానికి యోగ్యం అన్నమాట.

ఆ సంతకం కోసం ఎంత ఏడ్చానో మీకు తెలుసు. వచ్చింది, సంతోషం. వచ్చాక ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు. ఆయన పని మీద నాకు కోపం లేదు. కానీ నాలుగింటికి గేటు చప్పుడైతే ఇప్పటికీ పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టేస్తున్నాను. పోస్టుమాను అది చూసి తనకేననుకుని నిన్న కూర్చుని తాగి వెళ్ళాడు.

అందుకని ఈ కింద రాసేది ఉత్తరం కాదు, ఫిర్యాదు. స్టాంపు వేయించండి.

విషయం: హెలికాప్టరులో కిర్రు చప్పుడు.

ఆ హెలికాప్టరు వెనకవైపు ఎక్కడో కిర్రుమంటోందని తెలిసింది. ఎవరు విన్నారో చెప్పలేను. పైకి లేచాక మాత్రమే వినిపిస్తుందట, అదీ నది దాటాకనే. షెడ్డులో ఎంత వెతికినా దొరకదు. బాగా అనుభవం ఉన్న చెవి ఉన్నవారు స్వయంగా వచ్చి, ఎక్కి, నిదానంగా, అవసరమైతే రెండు మూడు సార్లు ఎగిరి వినాలి. అంతవరకు మెకానిక్కు సంతకం ఆపాలని ప్రార్థిస్తున్నాను. రెండు వారాలు చాలు. తొందరపడి పది రోజుల్లో తేల్చవద్దు.

మీ రాకకోసం చూస్తూ,
ఫిర్యాదుదారు

తా.క.: నాకు అబద్ధం ఆడటం రాదని ఆయన మీతో అన్నారట. పైన రాసిన కిర్రు మొత్తం నేను సొంతంగా కల్పించింది. ఆయనకి చెప్పకండి.